నువ్వు మాట అందించకు

కృష్ణానగర్,
శనివారం మధ్యాహ్నం.

చిరంజీవి ప్రేమకుమారికి నాన్న దీవెనలతో రాస్తున్నది.

దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ కార్ నికోబార్‌లో నువ్వూ, నీ వార్డులోని రోగులూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. రోగులు క్షేమంగా ఉంటే వార్డులో ఎందుకుంటారు నాన్నా అని నవ్వుతావు. నవ్వు. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. అలవాటు కొద్దీ వచ్చే మాటలు ఎంత నున్నగా ఉంటాయో, వాటితో ఎంత చిక్కో, ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు ఫోన్లో నువ్వు అడిగిన ప్రశ్నల సంగతి చూస్తాను. మోకాలు అలాగే ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను. లిఫ్టు లేని మేడ మీద కిరాయికి ఉన్నవాడికి మాత్రలు చేసే మేలు ఎంతో, మెట్లు చేసే కీడూ అంతే కాబట్టి రెండూ సరిపోతున్నాయి. పై అంతస్తులో డాన్సు కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. ఏదో పాటకు పిలుపు వచ్చిందట, పొద్దున్నుంచి ఎగురుతున్నారు. మొన్న పప్పులో సున్నం పెచ్చు పడింది. నీ కూతురు జెరూష తలకు నూనె రాస్తున్నాను, జడలు మాత్రం కింది ఇంటి అనసూయమ్మ వేస్తోంది. నేను వేస్తే ఒకటి చెవి దగ్గరా ఒకటి మెడ దగ్గరా వస్తున్నాయని పిల్ల అలిగింది. అల్లుడు ఆస్టిన్ రాజమండ్రి అవుట్‌డోర్ షూటింగులోనే ఉన్నాడు. గోదావరి మీద పడవలో లైట్లు పెట్టమంటున్నారట, ఈత రాదని భయపడుతూ ఫోన్ చేశాడు. లైట్లకూ ఈత రాదు కదా, వాటి పక్కనే నిలబడమన్నాను.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. జెరూషకు చదవడంలో బడి మొత్తానికి మొదటి స్థానం వచ్చిందన్న పత్రం ఎందుకు పంపలేదు అన్నది ఒకటి. చెప్పమన్న మాట పిల్లకు చెప్పావా అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. అక్కడికి వస్తాను. నేను తిన్నగా రాలేనని నీకు తెలుసు. తిన్నగా వచ్చే మనిషినైతే రేపల్లె నుంచి మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి సినిమాతో పాటు ఈ కృష్ణానగర్‌లో వచ్చి పడేవాణ్ణి కాదు.

ఇది ఫోన్లో ఎందుకు చెప్పవూ అంటావు. మీ దీవికీ మా వీధికీ మధ్య మన మాటలు సగం సముద్రంలో పడిపోతున్నాయి. పైగా ఇల్లు రెండు గదులు, వినే చెవులు పిల్లవి. రాయడమే మేలు. ఇప్పుడు కూడా ఆమె నా ఎదురుగానే చాప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు కూర్చుని ఇవన్నీ ఎలా రాస్తున్నానా అని నీకు అనుమానం రావాలి. రాకపోతే కాసేపాగు.

నా పని నీకు తెలిసిందే అయినా ఒక సంగతి ఎప్పుడూ చెప్పినట్టు లేను. ప్రాంప్టర్ అంటే డైలాగు చదివేవాడని అందరూ అనుకుంటారు. చదవడానికి నేనెందుకు? కెమెరా పక్కన నక్కి, నటుడి ఊపిరి చూసి, అతనికి మాట కావాల్సిన ముందు క్షణంలో పెదవుల మీద పెట్టాలి. ముందైతే తొట్రుపడతాడు, ఆలస్యమైతే కళ్లు మనవైపు తిరుగుతాయి. తెలుగు ముక్క రాని బొంబాయి వాళ్ల చేత పేజీలకు పేజీలు మాట్లాడించాను. వాళ్లు నా నోరు చూసి నవ్వారు, నా నోరు చూసి ఏడ్చారు. హాల్లో జనం రుమాళ్లు తడుపుకున్నారు.

ఒకసారి ఫిల్మ్ నగర్ పక్కన ఒక బంగళాలో షూటింగ్. చనిపోయిన తల్లి రాసిన ఉత్తరం కొడుకు చదివే సీను. ఆ కుర్రాడు ఉత్తర దేశం వాడు, మన అక్షరం ఒక్కటీ ఎరగడు. చదువుతున్నట్టు ఎలా చెయ్యాలి అని నన్నే అడిగాడు. నేర్పాను. కళ్లు ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపాలి, వరస చివర ఒక్క క్షణం ఆగాలి, మళ్లీ ఎడమకు రావాలి, సగంలో ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలి, అప్పుడే నిజంగా చదివినట్టుంటుంది. బ్రహ్మాండంగా చేశాడు. లైట్‌బాయ్‌లు కూడా కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ రోజు తీసిన రషెస్ తెర మీద వేసి చూస్తే ఉత్తరం తలకిందులుగా పట్టుకున్నాడు. డైరెక్టరు చాలాసేపు ఆలోచించి, మొహం బాగుంది, ఉంచెయ్యమన్నాడు. ఈ కథ చెప్పి ఎన్ని చోట్ల టీ తాగానో లెక్కలేదు. ఇక మీదట చెప్పను.

ఇక బడి. మన వీధి చివర బడిలో జెరూష మూడో తరగతిలో ఉండగా స్ఫూర్తి అనే టీచరు పాఠాలు చెప్పేది. కరీంనగర్ వైపు పిల్ల, ఉద్యోగం కొత్త. ఆమె గదిలో గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మల పుస్తకాలు వేలాడదీసేది. మధ్యాహ్నం పూట పిల్లలు తమకు నచ్చింది తీసుకుని కిందే కూర్చుని కూడబలుక్కునేవాళ్లు. వెనకబడ్డ కొందరిని విడిగా ఒక గంట కూర్చోబెట్టి చదివించడానికి వేరే అమ్మాయి వచ్చేది. మన జెరూష ఆ గుంపులోనే ఉండేది. నీకు చెప్పలేదు, అంత దూరంలో ఉన్నదానివి బెంగపడతావని. అప్పటికే గుణింతాలు దాటుతోంది. ఒత్తుల దగ్గర పడుతోంది, లేస్తోంది.

ఆ మధ్యలో పరీక్ష వచ్చింది. పై నుంచి ఒకాయన టాబ్ పట్టుకుని వస్తాడు. పిల్ల ముందు ఒక పేరా పెడతాడు. ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఎన్ని మాటలు చదివిందో యాప్ లెక్కకట్టి రంగు చూపిస్తుంది. ఎరుపంటే రాదని, పసుపంటే ఫరవాలేదని, ఆకుపచ్చంటే వచ్చేసిందని. అంతకు ముందు ఏడాది మన బడి నిండా ఎరుపు. తల్లిదండ్రులు జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ వాళ్లు, షెడ్యూలును బట్టి ఊళ్లు మారేవాళ్లు. ఇంట్లో తెలుగు పుస్తకం ఉన్న పిల్లలు ఒకరో ఇద్దరో. ఆ సంగతి యాప్‌కు ఎవరు చెబుతారు? ఈసారి కూడా ఎరుపు వస్తే ఊరుకునేది లేదని పైవాళ్లు గట్టిగానే అన్నారట. తాడు మీది పుస్తకాలు మాయమై అక్కడ రంగుల చార్టు వేలాడింది. పరీక్షలో వచ్చే పేరాలు ఇందులోవే అంటూ ఒక సన్నని పుస్తకం కూడా వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా మధ్యాహ్నాలు వచ్చి పిల్లల చేత చదివించగలరా అని మీటింగులో టీచరు అడిగింది.

నేను చెయ్యెత్తాను. బడి గడప సరిగా తొక్కని వాణ్ణి, సినిమా పోస్టర్లూ చర్చి పాటల పుస్తకమూ చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి, నన్ను ఒక బడి రమ్మంటోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. పిల్లలు తాతసార్ అన్నారు. ఆ రెండు మాటలూ కలిపి నన్ను అంతకు ముందు ఎవరూ పిలవలేదు. అక్కడే చెడిపోయాను.

నాకు తెలిసిన పనే చేశాను. పేరా నేను పలకడం, వాళ్లు అనడం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు దించాలో చెప్పాను. పేజీ పైన మేక బొమ్మ ఉంటే మేక కథ, బావి ఉంటే బావి కథ. బొమ్మ చూడగానే మొదలుపెట్టేవాళ్లు. మరిచిపోతే నా పెదవి కదిలేది, మళ్లీ అందుకునేవాళ్లు. వేలు ఊరికే ఒకచోట ఉంటే బాగుండదని, మాటతో పాటు వరస కింద జరపడం నేర్పాను. చివర ఆగి, మళ్లీ ఎడమకు. మధ్యలో ఒకచోట వెనక్కి వెళ్లి చూడమనీ చెప్పాను. అందరికంటే అందంగా చేసింది మన జెరూషే. రక్తంలో ఉంది కదా అని మురిసిపోయాను. పుస్తకం తలకిందులుగా పట్టుకోకుండా చూశాను, అదొక్కటే ఆ బంగళాలో నేర్చుకున్న పాఠం.

పరీక్ష రోజున నన్ను వరండాలో నిలబడనిచ్చారు. కిటికీ తెరిచే ఉంది. ఒక్కొక్కరే వెళ్లి కూర్చున్నారు. ఒక్కరూ తడబడలేదు. టాబ్ పట్టుకున్నాయన మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత సంతోషించాడు, ఆ తర్వాత టైమ్ మిగిలిందని టీ అడిగాడు. బడి అంతా పచ్చ. జెరూషకు పత్రం ఇచ్చారు. ఫొటో తీసి ఫోన్లలో పంచుకున్నారు. నీ దాకా వచ్చింది ఆ ఫొటోనే.

అంతా పచ్చగా ఉన్న బడికి ప్రత్యేకంగా చదివించే గంట ఎందుకన్నారు. ఆ అమ్మాయిని ఎర్రగా ఉన్న ఇంకో బడికి పంపేశారు. పిల్లలు నాలుగులోకి వచ్చారు. పాఠాలు పొడుగయ్యాయి. స్ఫూర్తి టీచరు కూడా వాళ్లతోనే నాలుగుకు వచ్చింది. ఈ సంగతులేవీ నేను పట్టించుకోలేదు తల్లీ. వీధిలో నన్ను సార్ అంటున్నారు, ఆ ధ్యాసలోనే ఉన్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

కవరు చింపాను, కళ్లద్దాలు కనిపించలేదు. వెతికి వెతికి విసుగొచ్చి, మన ఇంట్లో బడి మొత్తానికి మొదటి పిల్ల ఉండగా నాకు అద్దాలెందుకని, జెరూషను పిలిచి చదవమన్నాను. బుద్ధిగా కూర్చుంది. మొదటి వరస కింద వేలు పెట్టింది. నాన్నా, నేను ఇక్కడ బాగున్నాను, వానలు పడుతున్నాయి, నీ మోకాలు ఎలా ఉంది అని చదివింది. జెరూష బాగా చదువుతోందని విని చాలా సంతోషించాను అని చదివింది. వేలు వరస చివర ఆగుతోంది, ఎడమకు వస్తోంది. సమయానికి పేజీ తిప్పింది. ఈ క్రిస్మస్‌కు తప్పకుండా వస్తున్నాను, జెరూషకు ఎర్ర గౌను తెస్తున్నాను అని చదివి, ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది.

నా సంతోషం నేనేం చెప్పను. కిందికి దిగి అనసూయమ్మకు కూడా చెప్పాను, నువ్వు వస్తున్నావని. పైకి వచ్చాక బియ్యం డబ్బా మీద అద్దాలు దొరికాయి. మళ్లీ ఒకసారి చదువుకుందామని పెట్టుకున్నాను.

నువ్వు ఏం రాశావో నీకు తెలుసు. ఆస్పత్రిలో కాంట్రాక్టు ఇంకో ఏడాది పెంచారనీ, ఈ క్రిస్మస్‌కు రాలేననీ, ఆ మాట జెరూషకు మెల్లగా నన్నే చెప్పమనీ. గౌను మాట ఎక్కడా లేదు.

పిల్లను పిలిచి, అమ్మ క్రిస్మస్‌కు వస్తున్నానని ఎక్కడ రాసిందో చూపించమన్నాను. తడుముకోకుండా వేలు పెట్టింది. "గీడ తాతా." ఆ వరసలో నువ్వు నా మోకాలి మాత్రలు తిన్నాక వేసుకోమని రాశావు.

కోప్పడలేదు. ఏ మొహంతో కోప్పడను? పోనీ ఈ ఒక్క వరస చదవమ్మా అన్నాను. చాలాసేపు కాగితం వైపు కాకుండా నా నోటి వైపు చూసింది. "ఫస్ట్ ముక్క నువ్వు అందియ్యి తాతా," అంది. "మిగిలింది నేను చెప్త కదా."

అబద్ధమాడుతున్నానని ఆ పిల్లకు తెలియదు ప్రేమా. చదవడమంటే అదేనని అనుకుంటోంది. వేలు జరుపుతూ, వినేవాడికి ఏది కావాలో అది అందంగా చెప్పడం. నేర్పింది నేను. పచ్చ రంగు వేసి అవునన్నది పరీక్ష. తన ఎదుటే ఇవన్నీ రాస్తున్నాను, చదివే శక్తి ఆమెకు ఇంకా రాలేదు. అందుకే ఆ పత్రం పంపలేదు. ట్రంకులో అడుగున పెట్టాను.

మర్నాడే బడికి వెళ్లి స్ఫూర్తి టీచరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. బల్ల మీది సుద్దపొడి చేత్తో తుడుస్తూ తల దించుకుంది.

"నాకు తెల్వదనుకున్నరా సార్? చదువు రాని పోరగాండ్లు గంత సాఫుగ చదువుతుంటే టీచర్‌కు ఎర్కగాదా?"

మరి ఎందుకు ఊరుకున్నావమ్మా అని అడిగాను.

"అంతకు ముందటి ఏడు మీటింగుల అందరి ముంగట నన్ను నిలబెట్టి అడిగిండ్రు, జీతం దేనికి తీసుకుంటున్నవని. ఇంకోపారి నిలబడే ధైర్యం లేకుండె సార్. మీరు చేస్తుంటే చూసుకుంట కూసున్న."

మా జెరూష ఒక్కదానికైనా ఆ పచ్చ తీసేసి ఎరుపు పెట్టించు, ఆ గంట మళ్లీ వస్తుందేమో అన్నాను. యాప్‌లో వెనక్కి వెళ్లే దారి లేదట. పచ్చ అయిన పిల్ల పైకే వెళ్లాలి, కిందికి దిగడానికి మెట్టు పెట్టలేదు. మా మేడకు లిఫ్టు లేనట్టే అన్నాను. నవ్వలేదు ఆ పిల్ల. నాకూ నవ్వు రాలేదు.

తర్వాత ఆమే అంది, బడి విడిచాక తానే ఒక గంట కూర్చోబెడతానని, కాగితాల మీద చూపించకుండా, ఎంతమంది మిగిలితే అంతమందిని. ఏడాది చివర మళ్లీ పరీక్ష ఉందట. ఈసారి ఎవరూ బట్టీ పట్టరు, ఎరుపు వస్తే రానీ, మాటలు తానే పడతానంది. నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది, భయమూ వేసింది. మళ్లీ నిలబెట్టి అడుగుతారు. అప్పుడు ఆ పచ్చను బట్టీతో తెప్పించింది నేనేనని ఒప్పుకోవడానికి నన్ను రానిస్తారో లేదో.

సరే, నన్ను ఎన్ని గంటలకు రమ్మంటావు అని అడిగాను. చొక్కా కూడా ఇస్త్రీ చేయించి ఉంచాను తల్లీ.

ఆమె కాస్త ఇబ్బంది పడింది. "మీరు రాకున్రి సార్," అంది. "మీరుంటే వాళ్లు పేజీ దిక్కు చూడరు. మీ నోటి దిక్కు చూస్తరు."

వచ్చేశాను. బొంబాయి వాళ్లంతా అదే కదా చేసింది.

ఇప్పుడు జెరూష రోజూ గంట ఆలస్యంగా వస్తోంది. మొదట్లో ఏడ్చింది. అందరికంటే బాగా చదివే నన్నెందుకు కూర్చోబెడుతున్నారని అడిగింది. నేర్పింది తప్పు, తప్పు తాతది అని చెప్పాను. నమ్మలేదు. మెల్లమెల్లగా అక్షరాలు వెనక్కి వస్తున్నాయి. ఇదివరకు నున్నగా జారే వేలు ఇప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగుతోంది, తడుముతోంది, తప్పు చదివి దిద్దుకుంటోంది. చూడ్డానికి అస్సలు బాగుండదు. నిజంగా చదువుతోంది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. నువ్వు రాలేవన్న మాట నేను జెరూషకు చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అందరి మాటలూ జీవితమంతా అందించినవాణ్ణి, ఈ ఒక్కటి నా నోట రాలేదు. ఆలోగా ఆ పిల్ల ఒక పని చేసింది. పెట్టెలోంచి నీ ఉత్తరం తనే తీసుకుని, ఈసారి నిజంగా చదువుతానంది. లాక్కుని దాచేయవచ్చు. దాచలేదు. మళ్లీ చదవొద్దని నేనెలా అనను?

ఇప్పుడు నా ఎదురుగా చాప మీద ఆమె చేతిలో ఉన్నది ఆ ఉత్తరమే. రోజుకు ఒకటి రెండు వరసలు సాగుతోంది. నా మోకాలి మాత్రల వరస దాటినప్పుడు తలెత్తి నా వైపు చూసింది. ఆ వరసలోనే కదా తాను వేలు పెట్టింది. క్రిస్మస్ మాట ఇంకా ముందుందని అనుకుంటున్నట్టుంది. ఉంది. రెండో పేజీ అడుగున. దాని కింద, మెల్లగా నువ్వే చెప్పు నాన్నా అన్నదీ ఉంది. అదీ చదువుతుంది.

అక్కడికి రావడానికి ఇంకా రోజులు పడతాయి. ఈ ఉత్తరం అంతకు ముందే నీకు చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. సెలవు దొరకదని తెలుసు, రమ్మని అడగను. ముందే నీ నోటితో నువ్వు చెప్పదలుచుకుంటే ఫోన్ చేసి చెప్పు. ఏడుస్తుంది, ఓదారుస్తాను. చెప్పలేకపోతే నేనేమీ అనను, నేనూ చెప్పలేనివాణ్ణే. కానీ ఒకటి తెలుసుకో. చర్చి నుంచి వచ్చాక ప్రతి ఆదివారం నువ్వు ఫోన్ చేస్తావు కదా, ఆ రోజుకు ఎక్కడిదాకా వస్తే అక్కడి వరస నీకే చదివి వినిపిస్తానని పట్టుబట్టింది. ఏదో ఒక ఆదివారం ఆ వరస వస్తుంది. నువ్వు రాసిన మాట, ముక్కలు ముక్కలుగా, నీ బిడ్డ గొంతులో వింటావు.

ఇందాక ఒక మాట దగ్గర వేలు ఆగింది. తలెత్తి నా నోరు చూసింది. నా పెదవి అప్పుడే కదలబోయింది, కలం పక్కన పెట్టి చేత్తో నోరు మూసుకున్నాను. చాలాసేపు చూసింది. చివరికి మళ్లీ కాగితం వైపే తిరిగింది.

ఆదివారం నాడు ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. క్రిస్మస్ అన్న మాటలోనే రెండున్నాయి. ఫోన్లో ఏమీ వినపడదు. మీ దీవి లైన్ తెగిందనుకుని పెట్టెయ్యకు. చదువుతోంది. ఎంతసేపైనా పట్టనీ. అది నీ మాటే, నీకు కంఠతా వచ్చు, నాలుక చివరిదాకా వస్తుంది. అయినా నువ్వు అందించకు.

ఇట్లు,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న
మీ నాన్న,
సుందర్ రాజు